ఖాళీగా ఉంచిన మొదటి గడి

టైర్ల డిపో పై అంతస్తులో, రబ్బరు వాసన ఎప్పటికీ వదలని పొడుగాటి గదిలో, కిటికీ పక్కన మూడో బల్ల ఆయనది. పదిహేడేళ్ళుగా అదే బల్ల, అదే కుర్చీ. కుర్చీకి మెత్త మాత్రం రెండుసార్లు మార్చారు. డిపోలో అందరూ ఆయన్ని టిక్కులాయన అంటారు.

ఏ కాగితం చేతికొచ్చినా ముందు ఆకుపచ్చ పెన్సిలు ముల్లు చెక్కుకుంటాడు. బిల్లు చూసి, వరసకి ఒక టిక్కు. అంతా అయ్యాక కాగితం బోర్లా పెట్టి, లేచి మంచినీళ్ళు తాగొచ్చి, మళ్ళీ మొదటినుంచి చూస్తాడు. ఈసారి ప్రతి టిక్కు మీదా ఒక చుక్క. చుక్క పడని అంకె కంప్యూటర్‌లోకి వెళ్ళదు. కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారం నవ్వుతారు. మొదటి నెలాఖరు గడిచాక నవ్వడం మానేసి, తమకీ ఒక పెన్సిలు తెచ్చుకుంటారు.

తేడా పట్టడంలో ఆయనది అందె వేసిన చెయ్యి. రెండు వైపుల కూడికలూ కలవకపోతే మిగతావాళ్ళు మొదటి కాగితం నుంచీ వెతకడం మొదలుపెడతారు. ఈయన ముందు ఆ తేడాని తొమ్మిదితో భాగిస్తాడు. శేషం లేకుండా పోయిందంటే ఎవరో ఎనభై మూడుని ముప్పై ఎనిమిది అని కొట్టి ఉండొచ్చు. పోకపోతే రెండుతో భాగించి ఆ సగం కోసం వెతుకుతాడు. ఒక పక్క రాయాల్సింది ఎవరో రెండో పక్క రాసి ఉంటారు. ఇవేవీ కాలేజీలో నేర్చుకున్నవి కావు. డిగ్రీ మధ్యలో ఆగిపోయింది. చేసి, తప్పుచేసి, తిట్లు తిని నేర్చుకున్నవి.

ప్రతి నెలాఖరు పట్టిక అడుగున మూడు గళ్ళుంటాయి. తయారు చేసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. రెండో గడిలో గాజుగదిలో కూర్చునే చీఫ్ అకౌంటెంటుగారి సంతకం ఉంటుంది. మూడో గడిలో యజమాని సంతకం. మొదటి గడి ఖాళీ. తయారు చేసేది ఈయనే అయినా పదిహేడేళ్ళలో ఆ గడిలో పేరు పెట్టింది ఒకే ఒక్కసారి.

అది చేరిన తొమ్మిదో నెల. స్టాకు పట్టికలో ట్యూబుల్ని టైర్ల వరసలో ఎక్కించేసి, కింద మొదటి గడిలో ఇంత పెద్ద సంతకం చేశాడు. అప్పటి యజమాని కోపిష్ఠి. ఆ కాగితాన్ని మెట్ల దగ్గర గోడకి మేకు కొట్టి తగిలించాడు. సంతకం చుట్టూ ఎర్ర సిరాతో సున్న. లోడింగువాళ్ళు, డ్రైవర్లు, టీ తెచ్చే మనిషి, అందరూ నెలరోజులపాటు ఆ సంతకాన్ని చూసుకుంటూ పైకెక్కారు. తర్వాత కాగితం తీసేశారు గానీ ఆయన చెయ్యి మళ్ళీ ఆ గడి జోలికి పోలేదు. ఎవరైనా అడిగితే "పని చేశాం, చాలదా? పేరెందుకు?" అనేవాడు. వినడానికి పెద్దమనిషి మాటలా ఉండేది. లోపల ఉన్నది భయమని ఆయనకి తెలుసు.

అయినా ఆ భయంతో ఆయన హాయిగానే బతికేవాడేమో, తోడల్లుడు లేకపోతే.

తోడల్లుడూ అకౌంటెంటే. ఈయన కంటే ఎనిమిదేళ్ళు చిన్న. భార్య చెల్లెలి మొగుడు. తొమ్మిదేళ్ళలో నాలుగు ఉద్యోగాలు మారాడు. మారినప్పుడల్లా ఒక మెట్టు పైకి. మొదట సైకిలు షాపులో బిల్లులు రాసేవాడు, ఇప్పుడు మందుల కంపెనీలో ఫైనాన్స్ మేనేజరు. పని వచ్చా అంటే, వచ్చు. గొప్పగా వచ్చా అంటే, ఈయన నవ్వి ఊరుకుంటాడు. ఆ నవ్వు ఆయన భార్యకి ఒళ్ళు మంట.

"అతని మీద అంత కుళ్ళెందుకండీ?" అంటుంది.

"కుళ్ళా? నాకా? బ్యాంకు పుస్తకంతో లెక్క సరిచూడమంటే ఇప్పటికీ నాకే ఫోన్ చేస్తాడు."

"చేస్తాడు. అడగడానికి సిగ్గుపడడు. మీరు పడతారు."

అత్తగారింట్లో ముందు గదిలో ఒకటే ఫ్యాను. దాని కింద ఒకటే చేతుల కుర్చీ. పెళ్ళయిన కొత్తల్లో ఆ కుర్చీ పెద్దల్లుడిది. చిన్నల్లుడు మూడో ఉద్యోగంలో చేరి కారు కొన్నాక, ఒక ఆదివారం అత్తగారు "చిన్నల్లుడుగారు ఎండన పడొచ్చారు, ఇలా కూర్చోండి బాబూ" అని అతన్ని అందులో కూర్చోబెట్టింది. అంతే. అప్పట్నుంచీ అది అతనిదే. పెద్దల్లుడు బస్సు దిగి నడిచి వచ్చాడు. చిన్నల్లుడు చల్లటి కారులో వచ్చాడు. ఎండన పడిందెవరో లెక్కవేసే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. పెద్దల్లుడికి గోడవారన ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. ఫ్యాను గాలి అక్కడికి రావాలంటే మధ్యలో తోడల్లుడి భుజం దాటి రావాలి.

ఈర్ష్యకి కూడా పద్దు రాసేవాడాయన. గోడ క్యాలెండరు వెనక అట్ట మీద పెన్సిలుతో నాలుగు వరసలు రాసుకున్నాడు: తోడల్లుడి నాలుగు ఉద్యోగాలు, ఒక్కోదానికి జీతం, పెరిగిన మొత్తం. పక్కనే తన జీతం. తేడా తీశాడు. తేడా ఏటేటా పెరుగుతోంది. ఎన్నిసార్లు కూడినా, దేనితో భాగించినా ఎక్కడా తప్పు దొరకలేదు.

ఆ ఏడాది వేసవిలో చీఫ్‌గారు కళ్ళు సరిగా కనిపించక ఉద్యోగం వదిలేస్తున్నానని చెప్పాడు. ఇంకో రెండు నెలలు మాత్రమే ఉంటాడు. ఆ మాట వినగానే ఈయనకి గాజుగది తనదే అనిపించింది. ఎవరితోనూ అనలేదు. చీఫ్‌గారు భోజనానికి వెళ్ళినప్పుడు ఒకరోజు లోపలికి వెళ్ళి ఆ కుర్చీలో అర నిమిషం కూర్చున్నాడు. చక్రాల్లో ఒకటి బిగిసిపోయింది. ఒక చుక్క నూనె వేస్తే సరిపోతుందనుకున్నాడు. బల్లని ఇటు తిప్పితే కింద గోడౌను కనిపిస్తుందని కూడా చూసుకున్నాడు. అంతవరకే. యజమాని దగ్గరకి వెళ్ళి నోరు తెరిచి అడగలేదు. పదిహేడేళ్ళ పని కళ్ళెదుట ఉంది కదా, వాళ్ళే పిలుస్తారనుకున్నాడు.

ఆ ఆదివారం అత్తగారింట్లో భోజనాలయ్యాక తోడల్లుడు ఫ్యాను కింది కుర్చీలోంచి వెనక్కి తిరిగాడు.

"అన్నయ్యగారూ, మీ చీఫ్‌గారు దిగిపోతున్నారట కదా. మీరు పెట్టారా?"

"ఏం పెట్టాలి?"

"అప్లికేషను. పేపర్లో వేశారుగా."

పేపర్లో వేసిన సంగతి ఈయనకి తెలీదు. అయినా ఆ కుర్చీలోంచి వచ్చిన ప్రశ్నకి, తెలీదు అని చెప్పడానికి నోరు రాలేదు.

"పదిహేడేళ్ళు చేసినవాణ్ణి నేను అప్లికేషను పెట్టుకోవాలటయ్యా? అయినా నాకెందుకా గాజుగది. కుర్చీల మోజు కొందరికుంటుంది. నాకు లేదు."

మరదలు ఫక్కున నవ్వింది. "మా ఆయన్నేనా బావగారూ ఆ కొందరు?"

"నేనెవరి పేరూ ఎత్తలేదమ్మా."

తోడల్లుడు నవ్వలేదు. "నిజంగానే వద్దాండీ?"

"ఒకసారి చెప్తే అర్థం కాదా? వద్దు."

"సరే అయితే" అన్నాడతను. ఫ్యాను వైపు చూశాడు. ఈయన వీపు మీద చెమట చొక్కాకి అంటుకుంది.

పది రోజుల తర్వాత మేడం పిలిచింది. పాత యజమాని కూతురు. తండ్రి పోయాక నాలుగేళ్ళుగా డిపో ఆమే నడుపుతోంది. మాట తక్కువ, చూపు సూటి. ఈయన పెన్సిలు చెవి మీద పెట్టుకునే వెళ్ళాడు. పిలుపు వచ్చిందనుకున్నాడు.

"ఈయన మీకు తెలుసటగా. తెలిసినవాళ్ళ పేరు అన్న చోట మీ పేరు రాశారు" అని ఒక ఫైలు ముందుకి జరిపింది.

తోడల్లుడి ఫోటో. నీలం టై.

మేడం ఏదో చెబుతోంది. పద్ధతిగా రాశాడని, తను చేసిన పనికి నమూనా కూడా జతపరిచాడని. ఈయన యాంత్రికంగా కాగితాలు తిప్పాడు. మూడో కాగితం దగ్గర చెయ్యి ఆగిపోయింది.

అది ఒక రంగుల కంపెనీ స్టాకు పట్టిక. ఆరేళ్ళనాటిది. ఫోటోకాపీ కాబట్టి ఆకుపచ్చ రంగు లేదు గానీ, వరసకొక టిక్కు ఉంది. టిక్కు మీద చుక్క ఉంది.

ఆ పట్టిక తన ఇంట్లో, తన భోజనాల బల్ల మీద, రెండు ఆదివారాలు కూర్చుని తను చేసింది. అప్పట్లో తోడల్లుడు రంగుల కంపెనీలో చేరిన కొత్త. మూడు గోడౌన్ల లెక్కలు ఎంతకీ కలవడంలేదని రెండు సంచుల కాగితాలు మోసుకొచ్చాడు. ఒక గోడౌనువాళ్ళు సరుకు లారీ ఎక్కిన రోజున రాస్తున్నారు, ఇంకో గోడౌనువాళ్ళు దిగిన రోజున రాస్తున్నారు. నెలాఖరున దారిలో ఉన్న లారీ సరుకంతా ఏ లెక్కలోనూ లేదు. అది పట్టింది తను. అడుగున మొదటి గడిలో మాత్రం నీలం టై వేసుకున్నవాడి సంతకం, పూర్తి పేరుతో సహా.

"ఎలాంటి మనిషి?" అంది మేడం. "మీరు చెప్పే మాటకి నేను విలువిస్తాను. పనిమంతుడేనా?"

ఒక్క మాట చాలు. ఈ కాగితం నాదండీ, ఇతనిది కాదు అని ఒక్క మాట. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పదిహేడేళ్ళు ఏ అంకెనీ రెండోసారి చూడకుండా వదలని మనిషి. ఇదీ అలాగే ఆగిపోయింది.

"రేపు చెప్తానండి" అన్నాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళలేదు. బస్సు మారి నేరుగా తోడల్లుడింటికి వెళ్ళాడు. మరదలు పిల్లని ట్యూషన్‌కి తీసుకెళ్ళింది. అతనొక్కడే ఉన్నాడు, బనీనుతో, వంటింటి కుళాయికి వాషరు మారుస్తున్నాడు. చెయ్యంతా తడి.

"రండి అన్నయ్యగారూ! ఏమిటిలా..."

"ఆ రంగుల కంపెనీ పట్టిక ఎవరు చేశారు?"

అతను పానా పక్కన పెట్టాడు. "మీరే."

"సంతకం ఎవరిది?"

"నాది."

"ఇంకొకడి చాకిరీకి నీ పేరు అతికించుకుని ఊళ్ళేలుతున్నావు. సిగ్గులేదూ? చివరికి నా డిపోకే తెచ్చి, నా మేడంకే చూపించి, నా నెత్తినే ఎక్కి కూర్చుంటావా?"

అతను తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. మొహం ఎర్రబడింది. కానీ గొంతు పెంచలేదు.

"వద్దన్నారు కదండీ. రెండుసార్లడిగాను. అత్తయ్యగారి ముందు, అందరి ముందు. మీరు పెడతానని ఒక్క మాటంటే నేను పెట్టేవాణ్ణా?"

"అది వేరు. సంతకం సంగతి చెప్పు."

"చెప్తాను. ఆ రెండో ఆదివారం పని అయ్యాక పెన్ను తీసి మీ చేతికిచ్చాను. గుర్తుందా? 'మీ పేరు పెట్టండన్నయ్యగారూ, మా బాసుకి చెప్తాను మీరు సాయం చేశారని' అన్నాను. మీరు పెన్ను మూతపెట్టి వెనక్కిచ్చారు. 'నా పేరొద్దయ్యా, రేపు తప్పు తేలితే నా మీదకొస్తుంది' అన్నారు."

ఆయనకి గుర్తుంది. పెన్ను నీలం రంగుదని కూడా గుర్తుంది.

"ఎవరో ఒకరు పెట్టాలి కదండీ. అక్కడ ఖాళీగా ఉంటే మా బాసు తీసుకోడు. పెట్టాను. వారం రోజులు అన్నం సయించలేదు. బాసు పిలిచినప్పుడల్లా అయిపోయింది ఇవాళ్టితో అనుకునేవాణ్ణి."

"అందులో తప్పేముంది భయపడటానికి? ఒక్క అంకె తప్పు లేదందులో!"

"అది మీకు తెలుసు" అన్నాడు తోడల్లుడు. "నాకు తెలీదుగా."

కుళాయిలోంచి నీళ్ళు చుక్కచుక్కగా పడుతున్నాయి. తప్పు లేదని తెలిసినవాడు పెన్ను మూత పెట్టాడు. ఉందో లేదో తెలియనివాడు సంతకం చేశాడు. ఆ తర్వాత ఆరేళ్ళు తను గోడవారన కూర్చుని, అతని భుజం మీదుగా వచ్చే గాలి కోసం ఏడ్చాడు.

"మీరు చేసినదాన్ని నమూనాగా పెట్టడం మాత్రం తప్పే" అన్నాడతను మెల్లగా. "నా దగ్గర అంతకన్నా మంచి కాగితం లేదు. ఇంకో మాట. మా ఆఫీసు మూడు నెలల్లో ఎత్తేస్తున్నారు. మీ మరదలికి ఇంకా చెప్పలేదు."

టైలూ, కారూ, జీతమూ అన్నీ లెక్కపెట్టినవాడు ఈ పద్దు ఒక్కటీ రాయలేదు. సాధారణంగా ఇలాంటి మాట వింటే ఆయన లోపల ఎక్కడో చిన్న సంతోషం లేచేది. ఇప్పుడూ లేచింది. దాన్ని చూసి ఆయనకే సిగ్గేసింది.

"వాషరు తిరగేసి పెట్టావు. అందుకే కారుతోంది" అని చెప్పి వచ్చేశాడు.

మర్నాడు పొద్దున్నే మేడం గదిలోకి వెళ్ళాడు. పెన్సిలు బల్ల మీదే వదిలేసి వెళ్ళాడు.

"పనికి వెనకాడడండి. తెలియనిది అడుగుతాడు. పేరు పెట్టడానికి భయపడడు" అన్నాడు. ఆ మూడో మాట అనడానికి మనసొప్పలేదు, అయినా అన్నాడు. "ఇంకొకటండి. ఆ ఉద్యోగానికి నేనూ పెట్టుకుంటాను."

మేడం కళ్ళజోడు తీసింది. "మీకు ఇష్టం లేదనుకున్నాను. ఎప్పుడూ అడగలేదు."

"ఇప్పుడడుగుతున్నానండి."

"మంచిది. మరి మీరు చేసిన పనేదో చూపించండి. నాలుగేళ్ళుగా నేను చూసిన ప్రతి పట్టిక మీదా చీఫ్‌గారి సంతకమే ఉంది. ఆయనే చేస్తున్నారనుకున్నాను. మీ పేరు ఎక్కడా లేదేం?"

"మీ నాన్నగారు ఒకసారి నా సంతకాన్ని గోడకి కొట్టారండి."

"నాన్న పోయి నాలుగేళ్ళయింది. ఆ గోడకి రెండుసార్లు సున్నం కూడా వేయించాం."

"అవునండి."

"గురువారం నెలాఖరు పట్టిక ఇవ్వాలి కదా. మీరే చేసి, మీ పేరు మీదే ఇవ్వండి. చూస్తాను."

ఇంట్లో చెబితే భార్య నమ్మలేదు. "సంతకం పెడతారా? మీరా?" అంది. తర్వాత పెన్సిలు ముల్లు తనే చెక్కి సంచిలో పెట్టింది.

పట్టిక చెయ్యడం ఆయనకి కొత్త కాదు. కానీ పేరు పెట్టాలనుకోగానే, ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టు వదిలేసినవన్నీ ఎదురొచ్చాయి. వాటిలో పెద్దది మెట్ల కింద ఉంది. కొన్నవాళ్ళు బాగాలేవని వెనక్కి తెచ్చిన టైర్లు. వాటిని తయారుచేసిన కంపెనీకి రాస్తే, తప్పు తమదని ఒప్పుకుంటే డబ్బు ఇస్తారు. లేకపోతే లేదు. చీఫ్‌గారు ఏళ్ళ తరబడి వాటన్నిటినీ కొత్త టైర్ల ధరకే స్టాకులో చూపిస్తున్నాడు. ఆడిటర్లు వచ్చి లెక్కపెట్టేవారు. టైర్లు ఉన్నాయి, సంఖ్య సరిపోయింది, వెళ్ళిపోయేవారు. వాటి విలువెంత అని ఎవరూ అడగలేదు. మొదటి గడిలో తన పేరు లేదు కాబట్టి ఈయనా అడగలేదు.

బుధవారం చొక్కా చేతులు మడిచి మెట్ల కిందకి దూరాడు. నూట నలభై రెండు టైర్లు. ఒక్కోదాని మీద సుద్దముక్కతో నంబరు వేసి, ఫైల్లోని ఉత్తరాలతో పోల్చాడు. అరవై ఒక్కటికి డబ్బు ఇవ్వబోమని కంపెనీ ఎప్పుడో రాసేసింది. అంటే అవి టైర్లు కావు, తుక్కు. తుక్కు ధర వేసి చూశాడు. ఆ నెల లాభంలో మూడో వంతు ఎగిరిపోయింది.

నల్లబడ్డ చేతులతో పైకి రాగానే చీఫ్‌గారు గాజుగది తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏవోయ్, ఇంకో నెలలో నేను పోతున్నాను. పోయే ముందు నా మొహాన బురద చల్లాలా?"

"మీ పాత పట్టికల మీద నేనేమీ రాయడం లేదండి. ఇందులో నా పేరుంది. నా పేరున్న దాంట్లో తుక్కుని కొత్త టైరని రాయలేను."

"పదిహేడేళ్ళు రాశావుగా."

"రాశానండి" అన్నాడాయన. ఆ మాట కాదనడానికి లేదు.

గురువారం మధ్యాహ్నం పట్టిక సిద్ధమైంది. టిక్కులు, చుక్కలు అన్నీ పడ్డాయి. పెన్ను తీసుకున్నాడు. మొదటి గడి మరీ చిన్నదిగా ఉంది. గోడా, మేకూ, ఎర్ర సున్నా గుర్తొచ్చాయి. లేచి మంచినీళ్ళు తాగొచ్చాడు. మళ్ళీ కూర్చున్నాడు. తోడల్లుడు నీలం పెన్ను పట్టుకుని, ఏమీ తెలియకుండా, భయపడుతూ సంతకం పెడుతున్న బొమ్మ కళ్ళముందు కదిలింది. వాడికున్న ధైర్యం నాకు లేదా అనుకున్నాడు. ఆ క్షణంలో పెన్ను కదిలించింది ధైర్యమని చెప్పలేం. కుళ్ళే. పెట్టాడు. పూర్తి పేరుతో.

మేడం పట్టిక పైనుంచి కిందిదాకా చూసింది. కూర్చోమని కూడా అనలేదు.

"లాభం ఇంత పడిపోయిందేం?"

మొదటి రెండు వాక్యాలు నత్తినత్తిగా వచ్చాయి. తర్వాత ఉత్తరాలు తీసి బల్ల మీద వరసగా పేర్చాడు. సుద్దముక్క నంబర్ల జాబితా పక్కన పెట్టాడు. అక్కణ్ణుంచి మాట అదే వచ్చింది. తెలిసిన పని గురించి చెప్పడానికి పెద్ద మాటలు అక్కర్లేదని అప్పుడు తెలిసిందాయనకి. ఒక్కో టైరుకీ ఒక్కో ఉత్తరం, అంతే.

"బ్యాంకువాళ్ళు అడిగితే?"

"నన్ను పిలవండి. చెప్తాను."

"సరే, వెళ్ళండి" అంది. ముఖంలో ఏమీ కనిపించలేదు.

శుక్రవారం తోడల్లుడి ఇంటర్వ్యూ. ఈయన మూడో బల్ల దగ్గర కూర్చుని, నీలం టై మెట్లెక్కి రావడం చూశాడు, తలుపు మూసుకోవడం చూశాడు. ఇరవై నిమిషాల్లో ఒకే బిల్లుకి మూడుసార్లు టిక్కు పెట్టాడు. లోపలినుంచి నవ్వు వినిపించింది. నిన్న తనతో మాట్లాడినప్పుడు మేడం నవ్వలేదు.

బయటికొచ్చిన తోడల్లుడు నేరుగా ఈయన బల్ల దగ్గరకొచ్చి వంగాడు.

"మేడం రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టారు. మీది, నాది. టిక్కుల మీద చుక్కలు చూపించి, 'ఈ రెండిటికీ ఒకే పెన్సిలా' అని అడిగారు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? రెండూ మా అన్నయ్యగారివే, ఒకదానికి సంతకం మాత్రం నాది అన్నాను. ఆ చుక్క పడిందంటే ఇక చూసుకోనక్కర్లేదు అని కూడా చెప్పాను. నవ్వారు."

ఆయన తోడల్లుడి మొహంలోకి చూశాడు. నిజమే చెబుతున్నాడు. చేతికందబోయే ఉద్యోగాన్ని వదులుకుని, టై వదులు చేసుకుంటూ నిలబడ్డాడు. ఈయనకి మెచ్చుకోవాలనిపించింది, దానికంటే ముందు ఒళ్ళు మండింది. మంచితనంలో కూడా వీడే ముందా?

"టీ తాగుతావా?" అన్నాడు చివరికి.

"తాగుతానండి."

సోమవారం గాజుగది ఈయనకేనని చెప్పారు. ఆరు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. చీఫ్‌గారు వెళ్ళిపోయాక, మొదటి పనిగా కుర్చీ చక్రానికి ఒక చుక్క నూనె వేసుకున్నాడు. బల్లని తిప్పించాడు. ఇప్పుడు మెట్ల కింద జాగా కనిపిస్తుంది, ఆ టైర్లు పోయి ఖాళీగా.

తోడల్లుడు ఉద్యోగం కోసం రెండు నెలలు తిరిగి, సిరంజీలు చేసే కంపెనీలో చేరాడు. జీతం పాతదానికంటే ఎక్కువ. ఆ మాట భార్య చెప్పినప్పుడు ఈయన క్యాలెండరు వెనక అట్ట తీసి, ఐదో వరస రాయబోయి, తన జీతం కూడా మారిందని గుర్తొచ్చి రెండు పక్కలా రాశాడు. తేడా ఇంకా ఉంది. కాస్త తగ్గింది.

ఆ ఆదివారం అత్తగారింట్లో అంతా మామూలే. "చిన్నల్లుడుగారూ, కొత్త ఉద్యోగం, అలిసిపోయుంటారు, ఇలా కూర్చోండి" అంది అత్తగారు. అతను ఫ్యాను కింది కుర్చీలో కూర్చున్నాడు. పెద్దల్లుడు గోడవారన నిలబడి ప్లాస్టిక్ కుర్చీ వైపు చూశాడు. పెళ్ళయి పదకొండేళ్ళయినా ఆ ఇంట్లో ఆయన ఏదీ అడగలేదు. ఉక్కగా ఉందని కూడా అనలేదు.

కుర్చీ వీపు పట్టుకుని లాగాడు. గచ్చు మీద అది కీచుమని గదంతా మోగింది. ఫ్యాను కిందకి, తోడల్లుడి కుర్చీకి జానెడు దూరంలోకి తెచ్చి ఆపాడు.

"ఏమిటల్లుడుగారూ ఆ చప్పుడు?" అత్తగారు వంటింట్లోంచి తొంగిచూసింది.

"ఉక్కగా ఉందత్తయ్యగారూ. ఇక్కడ కూర్చుంటాను."

"అయ్యో, చెప్పరేం మరి ఇన్నాళ్ళూ!" అందావిడ.

తోడల్లుడు నవ్వాపుకుంటూ తన కుర్చీ కాస్త పక్కకి జరిపాడు. ఈయన కూర్చుని, చొక్కా పై గుండీ విప్పి, తల వెనక్కి వాల్చాడు. గాలి బాగానే వస్తోంది. పక్కవాడికి ఇంకాస్త ఎక్కువ వస్తోందేమోనని ఒకసారి ఓరగా చూసి, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.